ఓరిన్ టాస్కర్ ఎడమ చెయ్యి

ఆగస్టు ఆఖరు వారం వచ్చిందంటే లిన్‌ఫీల్డ్‌లో జనానికి వేరే ధ్యాస ఉండదు. పళ్ళ డాక్టరు మన నోట్లో పరికరం పెట్టి మరీ అడుగుతాడు, ఈసారి మన బేస్‌బాల్ జట్టులో ఆఖర్న ఆదుకునేవాళ్ళు ఎలా ఉన్నారని. జవాబు చెప్పడానికి మన నోరు ఖాళీగా ఉండదు కాబట్టి ఆయనే చెప్పుకుపోతాడు. ఆట మొదలుపెట్టే పిచర్ల, అంటే బంతి విసిరేవాళ్ళ, గురించి ఎవరైనా మాట్లాడుకునేది మే నెలలో. ఆగస్టుకి వాళ్ళ భుజాలు అరిగిపోయి, ఆరో ఇన్నింగ్స్‌కే బంతులు గాల్లో తేలడం మొదలవుతుంది. అప్పుడు మైదానం ఎడమ గీత పక్కన, విసిరేవాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకునే బుల్‌పెన్ కంచె తలుపు తెరుచుకుని నడిచి వచ్చేవాళ్ళే రిలీఫ్ పిచర్లు. ఏడాది పొడుగునా ఆడిన ఆటంతా ఆ ఇద్దరు ముగ్గురి చేతుల్లో పెట్టి జనం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటారు.

1978లో మా లీగులో మూడు జట్లు కప్పు కోసం కొట్టుకుంటున్నాయి. మా లిన్‌ఫీల్డ్, ఏటి అవతలి పోర్ట్ హేల్, కొండవైపు వార్డెన్. మూడింటికీ తేడా ఒక్క ఆటే. మా ఊరి పత్రికలో మిల్ట్ క్రౌజ్ అనే ఆయన ప్రతి ఏడూ ఈ సమయానికి పోటీలో ఉన్న జట్ల రిలీఫ్ పిచర్లను పక్కపక్కన నిలబెట్టి, ఎవరిది పైచెయ్యో తేల్చి రాసేవాడు. అది అచ్చయిన రోజు మధ్యాహ్నానికి పత్రిక దొరికేది కాదు. అందులో అంకెలన్నీ క్రౌజ్‌వి, తీర్పు మాత్రం ఓరిన్ టాస్కర్‌ది. అతని పేరు ఎక్కడా ఉండేది కాదు, ‘బుల్‌పెన్ ఎరిగినవాళ్ళ మాట’ అని మాత్రం ఉండేది. ఆ ఎరిగినవాళ్ళెవరో ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

ఓరిన్ బుల్‌పెన్ క్యాచర్. జట్టు ఫోటోలో చివరికంటా చూస్తే, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన మోకాళ్ళు కాస్త వంగి నిలబడే మనిషి. రిలీఫ్ పిచర్ మైదానంలోకి వెళ్ళేముందు ఒళ్ళు వేడెక్కడానికి పాతిక ముప్ఫై బంతులు విసరాలి. వాటిని ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఓరిన్. ఇరవై అయిదేళ్ళలో అతను పట్టిన బంతులు లక్షల్లో ఉంటాయి, స్కోరు పుస్తకంలో అతని పేరు మాత్రం ఒక్కసారి ఎక్కలేదు.

కుర్రతనంలో అతను కూడా ఆడాలనే వచ్చాడు. చిన్న చిన్న లీగుల్లో నాలుగేళ్ళు క్యాచర్‌గా ఉన్నాడు. గ్లౌజు పెట్టుకుంటే అతన్ని దాటి బంతి పోయేది కాదు, బ్యాటు పట్టుకుంటే మాత్రం ఈగలు తోలుకోవడమే. ఇరవై తొమ్మిదో ఏట అప్పటి మేనేజరు పిలిచి, కొట్టడం నీవల్ల కాదు, పట్టుకోవడం నీలా ఎవరివల్లా కాదు, బుల్‌పెన్‌లో ఉంటావా అని అడిగాడు. ఓరిన్ ఉండిపోయాడు. చలికాలం కలప అడితిలో పలకలు మొయ్యడం, వేసవిలో ఆ కంచె వెనక మోకాళ్ళ మీద కూర్చోవడం, ఇదీ అతని బతుకు.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల్లోనే అతనికొక కిటుకు దొరికింది. బంతిని గ్లౌజు లోతులో, తోలు బిగుతుగా సాగే చోట పట్టుకుంటే తుపాకీ పేలినట్టు మోగుతుంది. అరచేతికి ఎదురుగా పట్టుకుంటే దిండు మీద గుద్దినట్టు చప్పగా ఉంటుంది. విసిరినవాడు అదే మనిషి, బంతి అదే బంతి. కానీ ఆ మోత వినగానే పిచర్ ఛాతీ విచ్చుకుంటుంది, గడ్డం పైకి లేస్తుంది. కాళ్ళు వణుకుతూ వచ్చినవాడు కంచె తలుపు తన్ని మరీ వెళ్తాడు. అందుకని ఓరిన్ అందరికీ మోగించేవాడు. మంచివాడికీ, చెడ్డవాడికీ, రేపు ఇంటికి పంపేయబోయేవాడికీ. క్యాచర్లు మోగిస్తారని పిచర్లందరికీ తెలుసు. తన బంతి మాత్రం దానంతటదే మోగుతోందని ప్రతివాడూ నమ్ముతాడు.

చప్పుడు పిచర్‌కి, దెబ్బ నాకు అని భార్య లవోన్‌తో అంటుండేవాడు. గ్లౌజు ఎంత మోగినా చూపుడువేలి మొదట్లో తగిలే దెబ్బ అబద్ధం చెప్పదు. బరువైన బంతి ఎముక దాకా దిగుతుంది. అలిసినవాడి బంతి, వేగం ఎంతున్నా, తోలు దగ్గరే ఆగిపోతుంది. ఇంతలో గోడకున్న ఫోను మోగుతుంది. అవతల మేనేజరు గస్ వీలర్ ఒకటే ప్రశ్న వేస్తాడు, ఎవరి దగ్గరుంది అని. ఇవాళ ఆ బరువు ఎవరి బంతిలో ఉందని దానర్థం. ఓరిన్ ఒక పేరు చెప్పి పెట్టేస్తాడు. కారణాలు ఉండవు, వాదన ఉండదు. తొమ్మిదేళ్ళలో గస్ ఆ పేరు కాదని ఇంకొకణ్ణి పిలిచిన రోజు లేదు. ఊళ్ళో పెద్ద ఇల్లున్నవాళ్ళున్నారు, పడవలున్నవాళ్ళున్నారు. ఓరిన్‌కి ఉన్నది ఆ మాట ఒక్కటే.

ఆ ఏడాది జూన్‌లో ఒకరోజు ఉదయం అతను గుడ్లు వేయించుకుంటున్నాడు. స్కూలు వంటగదిలో పనికి బయల్దేరుతున్న లవోన్‌కి ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే ఇతగాడు ఇనప పెనాన్ని ఒట్టి చేత్తో, ఎడమ చేత్తో పట్టుకుని నిలబడి కిటికీలోంచి వాన వచ్చేలా ఉందా అని చూస్తున్నాడు. ఆమె పెనం లాగి తొట్లో పడేసింది. అరచేతిలో పిడి వెడల్పున చర్మం తెల్లగా ఉబ్బింది. నొప్పి లేదా అని అడిగితే ఓరిన్ ఆలోచించి మరీ లేదన్నాడు.

డాక్టరు సూదితో ఒక్కో చోటా పొడుస్తూ ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగాడు. బొటనవేలు తెలుస్తోంది, చిటికెనవేలు తెలుస్తోంది. మధ్యలో ఏమీ లేదు. అన్నేళ్ళు దెబ్బలు తిని నరాలు నలిగిపోయాయని, ఇప్పుడు మానేస్తే కొంత తిరిగి రావచ్చని, ఇంకా బంతులు పట్టుకుంటూ పోతే అదీ రాదని చెప్పాడు. బంతి పట్టుకోవచ్చా అని ఓరిన్ అడిగాడు. పట్టుకోవడానికేం, వేళ్ళు వంగుతున్నాయిగా అన్నాడు డాక్టరు. ఓరిన్ ఆ ఒక్క ముక్కే విని బయటికొచ్చాడు.

కార్లో లవోన్ గస్‌కి చెప్పెయ్యమంది. సీజన్ అవనీ చెప్తానన్నాడు. ఆమె మళ్ళీ అంది. అతను మళ్ళీ అదే అన్నాడు. అతని భయం ఆమెకి తెలియనిది కాదు. వట్టినే బంతి పట్టుకోవడానికైతే హైస్కూలు జట్టు క్యాచర్ చాలు. చేతికి తెలియకపోతే ఓరిన్ ఎందుకు? యాభై నాలుగేళ్ళ మనిషిని చెక్కబెంచీ మీద కూర్చోబెట్టి పొద్దుతిరుగుడు గింజలు నమలమని ఎవరు పిలుస్తారు?

జూన్, జులై ఎలాగో గడిచిపోయాయి. అప్పటికి మా పిచర్లలో డ్వేన్ పికెట్ మంచి ఊపు మీద ఉన్నాడు. ముప్ఫై మూడేళ్ళవాడు, పశ్చిమ వర్జీనియా బొగ్గు గనుల వైపు మనిషి, పదకొండేళ్ళుగా ఊరూరా తిరిగి మా దగ్గర కుదురుకున్నాడు. మే నెలంతా పదహారు ఆటల్లో ఒక్క పరుగు ఇవ్వలేదు. ఫోను మోగినప్పుడల్లా ఓరిన్ జ్ఞాపకం మీద డ్వేన్ అనేవాడు, అది సరిపోయేది. మిగతాదంతా నటన. బరువైన బంతి పట్టాక గ్లౌజు తీసి చెయ్యి విదిలించుకోవడం అతని అలవాటు. పిచర్లు దానికోసం కనిపెట్టుకుని చూసేవాళ్ళు. ఇప్పుడు గట్టిగా మోగిన ప్రతిసారీ విదిలించడం మొదలుపెట్టాడు. ఆ మోత పుట్టించేది తనేనని కొన్నాళ్ళు గుర్తుంది. తర్వాత్తర్వాత తను మోగించిన మోత విని తనే నమ్మడం మొదలుపెట్టాడు. ఈ పొరపాటు చెయ్యడం లోకంలో బుల్‌పెన్ క్యాచర్‌కే చెల్లుతుంది.

ఆగస్టు ఆఖరి సోమవారం మిల్ట్ క్రౌజ్ ఎప్పటిలాగే ఓరిన్ ఇంటి వెనక మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. ఓరిన్ మొక్కజొన్న కండెలు ఒలుస్తున్నాడు. క్రౌజ్ పుస్తకం తీసి అంకెలు చదివాడు. ఆఖరి మూడు ఇన్నింగ్స్‌లో అందరికన్నా తక్కువ పరుగులిచ్చింది పోర్ట్ హేల్. వాళ్ళ దగ్గర ముగ్గురున్నారు. వార్డెన్‌లో ఎడమచేతి వాటం ఏమ్స్ ఒక్కడే సగం జట్టు. మా అంకెలు మధ్యలో ఉన్నాయి.

ఓరిన్ పోర్ట్ హేల్‌తో మొదలుపెట్టాడు. ముగ్గురూ గట్టివాళ్ళే, కానీ ముగ్గురిదీ ఒకటే వేగం, మొదటివాణ్ణి చూసిన బ్యాటర్‌కి మూడోవాడు కొత్త కాదు అన్నాడు. పైగా వాళ్ళ మేనేజరుకి చేతులు ఊరుకోవు. ముగ్గుర్నీ లేపి వేడెక్కిస్తాడు, కూర్చోబెడతాడు, మళ్ళీ లేపుతాడు. మొన్న ఒక్క ఆటలో ఒకణ్ణి నాలుగుసార్లు లేపి అసలు ఆడించనే లేదు.

“ఆ విసుర్లు నీ పుస్తకంలో ఎక్కవు మిల్ట్. వాడి భుజంలో మాత్రం ఎక్కుతాయి,” అన్నాడు.

వార్డెన్ సంగతికి వచ్చేసరికి ఓరిన్ నవ్వాడు. ఏమ్స్ వేడెక్కుతుంటే ఆ చప్పుడు మైదానం దాటి మా కంచె దాకా వినిపిస్తుంది, ఊళ్ళో సగంమంది దానికే హడలిపోతారు. “చప్పుడు కాదయ్యా చూడాల్సింది, వాళ్ళ క్యాచర్ని చూడు. ఒక్కసారైనా చెయ్యి విదిలించుకున్నాడా? దెబ్బ లేదక్కడ. ఆ మోత క్యాచర్ పెట్టిన భిక్ష,” అన్నాడు.

క్రౌజ్‌కి ఈ మాట తెగ నచ్చి నవ్వుకుంటూ రాసుకున్నాడు. ఆ తర్వాత, మరి మనవాళ్ళు అని అడిగాడు. ఓరిన్ చేతిలో కండె ఆగింది. రూడీ సల్సేడో సంగతి ముందు చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, బంతికి జీవముంది, మనసుకి ఇంకా నిలకడ లేదు, మరో ఏడాది పడుతుంది. డ్వేన్ మాత్రం మే నెలలో ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడన్నాడు. యాభై ఎనిమిది ఆటలాడాడు కదా, అలసట లేదా అని క్రౌజ్ అడిగాడు. నా చెయ్యి ఎప్పుడైనా అబద్ధమాడిందా అన్నాడు ఓరిన్.

లవోన్ అప్పుడే ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన ‘పై’ ఉన్న పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. ఆ మాట విని పళ్ళేన్ని మెట్టు మీద ఠక్కున పెట్టి లోపలికి పోయింది. కోపమేమో అని క్రౌజ్ అనుకున్నాడు. కోపమే. ఓరిన్ చెప్పింది పూర్తిగా అబద్ధమని నేననను, అతను సగం నమ్మే చెప్పాడు. కానీ ఎదుటి క్యాచర్ చెయ్యి చూడమని ఊరికంతా నేర్పినవాడు తన చేతి సంగతి కడుపులో పెట్టుకోవడం తప్పే. ఆ మాట అతను నాకెంత ఇష్టుడైనా అంటాను.

గురువారం పత్రిక వచ్చింది. రిలీఫ్‌లో మొదటి స్థానం లిన్‌ఫీల్డ్‌ది. మంగలి షాపు నుంచి పెట్రోలు బంకు దాకా జనం అప్పుడే కప్పు గెలిచినంత సంబరపడ్డారు.

తర్వాతి బుధవారం వార్డెన్‌లో ఆట. మనం రెండు పరుగులు ముందున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఫోను మోగింది, ఓరిన్ డ్వేన్ అన్నాడు. నలుగురు బ్యాటర్లు డ్వేన్‌ని చితకబాదారు, ఆట పోయింది. శుక్రవారం మా ఊళ్ళోనే పోర్ట్ హేల్‌తో. మళ్ళీ ఫోను, మళ్ళీ డ్వేన్, మళ్ళీ అదే. ఆ రోజు డ్వేన్ తిరిగొచ్చి గ్లౌజు బెంచీ కిందికి విసిరేసి, ముఖం తువ్వాలుతో కప్పుకుని కూర్చున్నాడు. ఓరిన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. బంతి బాగానే ఉంది, అదృష్టం బాగోలేదు అన్నాడు. డ్వేన్ తువ్వాలు తీసి, నిజంగానా అని అడిగాడు. నిజంగానే అన్నాడు ఓరిన్. డ్వేన్ ముఖంలోకి కాస్త నెత్తురు తిరిగొచ్చింది.

ఆ ముఖమే ఓరిన్‌కి నిద్ర లేకుండా చేసింది. శనివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, కంచె గుంజకేసి ఎడమ అరచెయ్యి బాదుకుంటూ నిలబడ్డాడు. కిటికీలోంచి చూసి లవోన్ పరిగెత్తుకొచ్చింది.

“డ్వేన్ బంతి చచ్చిపోయిందో బతికుందో నాకు తెలీడంలేదు లవోన్,” అన్నాడు. “అసలేమీ తెలీడంలేదు.”

“ఆ ముక్క నాకెందుకు చెప్తున్నావు? గస్‌కి చెప్పు.”

“చెప్తే ఇంకేం మిగుల్తుంది నాకు?”

“తెలీదని చెప్పడానికి కూడా పాతికేళ్ళ అనుభవం కావాలా నీకు?” అంది ఆమె. అని, గుంజ దగ్గర్నించి అతని చెయ్యి లాక్కుని, తన ఏప్రన్‌తో తుడుస్తూ ఏడ్చింది. చెయ్యి చెక్కుకుపోయి రక్తం వస్తోందని అతనికి అప్పుడే తెలిసింది.

శనివారం ఆట మొదలుపెట్టిన మన పిచర్ ఎవరి సాయం లేకుండా తొమ్మిది ఇన్నింగ్స్ లాగి గెలిపించాడు. వార్డెన్ ఇంకో ఊళ్ళో ఓడి వెనకబడింది. ఇక మిగిలింది ఆదివారం మధ్యాహ్నం ఆట, మనకీ పోర్ట్ హేల్‌కీ. గెలిచినవాళ్ళకి కప్పు.

ఆదివారం ఎండ మండిపోయింది. ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మనం నాలుగు, వాళ్ళు మూడు. వాళ్ళ బ్యాటింగు, ఒకరు అవుటయ్యారు, ఇద్దరు బేసుల మీద నిలబడి పరుగుకి సిద్ధంగా ఉన్నారు. మన పిచర్ చొక్కా నీళ్ళలో ముంచినట్టు తడిసిపోయింది. గస్ అంతకుముందే ఇద్దర్నీ లేపమన్నాడు. ఓరిన్ ఒక బంతి డ్వేన్‌ది, ఒక బంతి రూడీది పట్టుకుంటున్నాడు. రెండూ ఫట్, ఫట్ అని మోగుతున్నాయి. ఓరిన్ గ్లౌజులో చెయ్యి కదిలించి, డ్వేన్ బంతులు మూడు కావాలనే అరచేతికి ఎదురుగా పట్టాడు. చప్పగా దిండు చప్పుడు వచ్చింది. దెబ్బ కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని కాచుకున్నాడు. ఏమీ రాలేదు. డ్వేన్ ఆ చప్పటి మోత విని కనుబొమలు ముడిచాడు.

ఫోను మోగింది. మైదానంలో మన క్యాచర్ టైము లాగడానికి పిచర్ నిలబడే దిబ్బ మీదికి నడుస్తున్నాడు.

“ఎవరి దగ్గరుంది?” అన్నాడు గస్.

డ్వేన్ పేరు నాలిక చివర ఉంది. ఆ పేరు చెప్పి పెట్టేస్తే ఎవరూ అడగరు. గెలిస్తే తన మాట నిలబడుతుంది, ఓడితే డ్వేన్‌ని తిడతారు. ఆ రెండో సంగతే అతన్ని ఆపింది.

“నాకు తెలీదు గస్.”

“ఏమన్నావ్?”

“తెలీదు. జూన్ నుంచీ నా చేతికి స్పర్శ లేదు. అప్పట్నుంచీ ఊహించి చెప్తున్నా.”

ఫోనులో జనం హోరు, దాని మధ్య గస్ ఊపిరి వినిపించాయి.

“బుధవారం? మొన్న శుక్రవారం?”

“అవీ ఊహే.”

గస్ పత్రికలో రాయలేని మాట ఒకటి అన్నాడు. “ఇప్పుడా నాకు చెప్పేది?” అన్నాడు. అవతల అంపైరు దిబ్బ వైపు కదులుతున్నాడు. పది అడుగుల దూరంలో బంతి చేతిలో పెట్టుకుని నిలబడ్డ డ్వేన్ అంతా విన్నాడు. బంతిని రూడీ వైపు విసిరి, వచ్చి ఓరిన్ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

“గస్, నేను డ్వేన్‌ని. రూడీని పంపు. నా దగ్గర లేదు. జులై ఆఖర్నించీ లేదు.”

ఫోను పెట్టేసి ఓరిన్ వైపు తిరిగాడు. “భుజం చెప్తూనే ఉంది నాకు. నీ గ్లౌజు మోగుతుంటే దాని మాట వినలా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే ఓరిన్‌కి కాస్త తేలికయ్యేది.

రూడీ కంచె తలుపు తీసుకుని వెళ్ళాడు. అతని మొదటి బంతికే మా గుండెలు జారాయి, క్యాచర్ తల మీద నుంచి పోబోయింది. రెండో బంతిని బ్యాటర్ నేల మీద కొట్టాడు, మనవాళ్ళు అందుకుని ఒకే దెబ్బకి ఇద్దర్ని అవుట్ చేశారు, ముగ్గురు అవడంతో ఆ ఇన్నింగ్స్ అయిపోయింది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాళ్ళ బ్యాటర్లు ముగ్గురూ వచ్చినట్టే వెళ్ళారు. కప్పు మనది. బెంచీ మీదున్నవాళ్ళంతా కంచె దూకి మైదానం మధ్యకి పరిగెత్తి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. బుల్‌పెన్‌లో ఓరిన్, డ్వేన్ ఇద్దరే మిగిలారు. ఇద్దరూ చప్పట్లు కొట్టారు, ఇద్దరూ లేవలేదు.

బట్టలు మార్చుకునే గదిలో బీరు వాన కురుస్తుంటే గస్ ఓరిన్‌ని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళాడు. నావల్ల రెండు ఆటలు పోయాయని ఓరినే ముందన్నాడు. అవును, పోయాయి, ఇవాళ ఒకటి నిలబడింది కూడా అన్నాడు గస్. ఏప్రిల్‌కి ఇంకొకణ్ణి చూసుకుంటామన్నాడు. ఓరిన్ తలూపాడు. ఈ మాట ఎలా ఉంటుందో మూడు నెలలుగా ఊహించుకుని భయపడ్డాడు. విన్నాక అంత కష్టంగా లేదు. గస్ అతని భుజం తట్టి, లవోన్‌ని అడిగానని చెప్పమని వెళ్ళిపోయాడు.

కష్టమైనది బయట కార్లు నిలిపే చోట కాచుకుని ఉంది. డ్వేన్ తన పాత ట్రక్కు వెనక సంచులు వేసుకుంటున్నాడు. ఆ ఆటతో తన పని అయిపోయిందని అతనికి తెలుసు. ఇంటికి వెళ్ళి అన్నగారి గ్యారేజీలో కుదురుకుంటానన్నాడు. ఓరిన్ క్షమాపణ చెప్పబోయాడు. డ్వేన్ చెయ్యెత్తి ఆపాడు.

“ఒక్కటి అడుగుతా ఓరిన్. మోగించకుండా చెప్పు.”

“అడుగు.”

“మే నెలలో నా బంతి బాగుందన్నావు. పదకొండేళ్ళలో నేను బాగా ఆడింది ఆ ఒక్క నెల. అది నిజంగా నా బంతేనా?”

ఓరిన్ కళ్ళ ముందు ఆ మే నెల కదిలింది. అప్పటికింకా చెయ్యి బతికే ఉంది. డ్వేన్ విసిరిన రోజుల్లో ఇంటికి వెళ్ళి, బకెట్లో మంచుగడ్డలు పోసి మణికట్టు దాకా ముంచుకుని కూర్చునేవాడు. లవోన్ చెంచాతో తినిపించాలేమో నీకు అని వేళాకోళం చేసేది. ఇరవై అయిదేళ్ళలో అంత బరువైన బంతి అతను పట్టి ఎరగడు. ఆ మాటే చెప్పాడు. ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క ఎక్కువ లేకుండా చెప్పాడు.

చెప్పాక తన మాటలు తనకే వినిపించాయి. దిగులుగా ఉన్న పిచర్‌కి ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చిన మాటల్లాగే ఉన్నాయవి. శుక్రవారం బెంచీ మీద చెప్పినప్పుడు కూడా గొంతు ఇలాగే ఉంది.

డ్వేన్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. “ఇదీ మోగించడం కాదుగా?” అన్నాడు.

“కాదు డ్వేన్.”

డ్వేన్ ఓరిన్ ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు నొక్కి పట్టుకున్నాడు. నమ్మినవాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడో, ముసలాయన్ని నొప్పించడం ఎందుకని పట్టుకున్నాడో, చెప్పగలిగిన చెయ్యి కాదది. ఓరిన్ అతని వేళ్ళ వంక చూశాడు, కళ్ళ వంక చూశాడు. తర్వాత డ్వేన్ ట్రక్కెక్కి ఇంటి దారి పట్టాడు. ఆ ఒక్క మనిషి తన మాట నమ్మితే చాలని కోరుకుంటూ ఓరిన్ అక్కడే నిలబడ్డాడు.